విల్లు కంటే ముందు జాడ

మన చెంచు పెంటల్లో వేటకు బడి లేదు. పిల్లల ఆటవిల్లే మొదటి పలక. దుప్పి దాకా రావాలంటే ఏళ్లు పట్టేది.

ముందు జాడ చూడడం రావాలి. గిట్ట గుర్తు అంచులు పదునుగా ఉన్నాయా, రాలిపోయాయా? దుప్పి వాసన ఇట్టే పడుతుంది, అందుకే గాలికి ఎదురు నడవాలి. వేసవిలో ఇప్పపూలు రాలే చెట్ల కిందికి దుప్పులు వస్తాయి. కొండముచ్చు గట్టిగా అరిచిందా, దగ్గర్లో పులో చిరుతో ఉండొచ్చు.

అలాగని పెద్దలు రోజూ మాంసం తిన్నారనుకోకండి. 1940లో చెంచుల మధ్య తిరిగి, 1943లో పుస్తకం అచ్చువేసిన హైమెండార్ఫ్ కూడా గడ్డలు, పండ్లే ముఖ్య ఆహారమని రాశాడు. పేరు విల్లుది, కడుపు నింపింది గడ్డలు తవ్వే కర్ర!

1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం భూమి మీద, తేనె వంటి అటవీ ఫలసాయం మీద హక్కిచ్చింది కానీ, సంప్రదాయ వేటను పేరుపెట్టి మినహాయించింది. సరదాకు తుపాకీ పట్టిన దొరా, ఆకలికి విల్లు పట్టిన తాతా ఒకటేనా? అడగాల్సిన ప్రశ్నే.

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులి అడుగులు వెతికే కాపలాదారుల్లో ఇవాళ మనవాళ్లున్నారు. వాళ్లకు జీతం తెస్తున్నది ఆ పాత జాడవిద్యే. మీ పెంటలో అది తెలిసిన తాత ఉంటే, విల్లు లేకుండానే ఒక పొద్దు ఆయన వెంట నడవండి.