ఈగలూ, జన్యువులూ, కాపీ పేస్టూ

మన ప్రాజెక్టుల్లో కొత్త మాడ్యూలు ఎలా పుడుతుందో తెలిసిందే. పాతదాన్ని కాపీ కొట్టి, పేరు మార్చి, నాలుగు లైన్లు అటూ ఇటూ చేస్తాం. ప్రకృతి కూడా ఇదే పని చేస్తుందని చూపించినవి మగ్గిన అరటిపళ్ళ మీద ముసిరే బుల్లి ఈగలు... డ్రోసోఫిలాలు.

1936లో కాల్విన్ బ్రిడ్జెస్ అనే అమెరికన్, కళ్ళు సన్నగా గీతలా ఉండే ఈగల క్రోమోజోముల్ని మైక్రోస్కోపులో చూశాడు. ఒక ముక్క పక్కపక్కనే రెండుసార్లుంది. అచ్చం కాపీ పేస్టే! 1970లో సుసుము ఓనో దీనిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఒక కాపీ పాత పని చేస్తుంటే, రెండోది మారిపోయి కొత్త పని నేర్చుకుంటుందని. బ్యాకప్ ఉంటే ప్రయోగాలకి భయమెందుకు?

1993లో మాన్యువాన్ లాంగ్, చార్లెస్ లాంగ్లీ ఆఫ్రికా ఈగల్లో ఇంకో తమాషా చూశారు. ఆల్కహాలుని అరిగించే జన్యువు తాలూకు నకలు వెళ్ళి వేరే జన్యువులో అతుక్కుంది. అప్పటిదాకా అది చచ్చిన కోడ్ అనుకున్నారు. కాదు, పనిచేస్తోందని వీళ్ళు తేల్చి 'జింగ్‌వే' అని పేరు పెట్టారు. చైనా కథలో సముద్రంలో మునిగి చనిపోయి, పక్షిగా మళ్ళీ పుట్టిన అమ్మాయి పేరది.

సరే, కాపీ కొట్టడానికి పాత జన్యువే లేకపోతే? అలా కొత్త ప్రోటీన్ పుట్టే అవకాశం దాదాపు సున్నా అని 1977లో నోబెల్ గ్రహీత ఫ్రాన్స్వా జకోబ్ రాశాడు. అంత పెద్దాయన చెప్పాక కాదనేదెవరు? ఈగలే కాదన్నాయి :) 2006లో డేవిడ్ బిగన్ బృందం, ఇదివరకు జన్యువే లేనిచోట పుట్టిన 5 జన్యువుల్ని చూపించింది. 2014లో ఇంకో అడుగు. ఒకే జాతిలో కొన్ని ఈగల్లో ఉండి, మిగతావాటిలో లేని జన్యువులు 142 దొరికాయి. అంటే అవి ఇంకా జాతి అంతటా పాకనే లేదన్నమాట.

ఇంతకీ ఈ కొత్తవి అంత అవసరమా? 2010లో లాంగ్ బృందం 195 కొత్త జన్యువుల్ని ఒక్కొక్కటీ అణిచి చూస్తే, 59 సార్లు ఈగలు చచ్చిపోయాయి. 2017లో వేరేవాళ్ళు క్రిస్పర్‌తో జన్యువుల్నే పాడుచేసి చూసి, ప్రాణం మీదకొచ్చేది అరుదే, ఎక్కువగా మగ ఈగల పనులకే పనికొస్తున్నాయన్నారు. లాంగ్ బృందం ఒప్పుకోలేదు.

"మ్యుటేషన్లతో ఉన్నది పాడవుతుందే తప్ప కొత్త సమాచారం పుట్టదు" అని వాదించే మిత్రులు మనలోనూ చాలామందే. ఈగలు పుట్టించి చూపించాయి. అది ఎంత ముఖ్యమన్నదాని మీదే ఇప్పుడు గొడవంతా. పుడుతుందా లేదా అన్నది మాత్రం తేలిపోయింది.