పాత ఫైళ్ళను తిన్న పులుపు

రికార్డు రూములో పనిచేసిన మిత్రులందరికీ ఒక వింత తెలుసు. వందేళ్ళు దాటిన చేతి తయారీ కాగితం ఇంకా మెత్తగా మడత పడుతుంది. చాలా కాలం తరువాత కట్టిన ఫైలు మాత్రం గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. చెద పట్టలేదు, వానకు తడవలేదు. మరి దానిని తిన్నదేమిటి? విశ్రాంత జీవితంలో చదివి తెలుసుకున్న సంగతి క్లుప్తంగా మనవి చేస్తాను.

చింతపండు, నిమ్మకాయల పులుపు ఆమ్లం. సున్నం, చాకలి సోడా క్షారాలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది గదా, అది క్షారాన్ని పట్టి ఇచ్చే గుర్తు. 1664లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ వయొలెట్ పూల పానకంతో ఇటువంటి పరీక్షే వివరించాడు. ఆమ్లం తగిలితే అది ఎరుపు, క్షారం తగిలితే ఆకుపచ్చ. 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ దీనికి పి.హెచ్. అనే కొలత ఏర్పరచాడు. 7 తటస్థం, అంతకు తక్కువ ఆమ్లం, ఎక్కువ క్షారం. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్లు.

ఇక కాగితం సంగతి. పూర్వం యూరప్‌లో గుడ్డపేలికల గుజ్జుతో కాగితం చేసి, సిరా పాకకుండా జెలటిన్ పట్టించేవారు. 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఇల్లిగ్, రోజిన్‌ను పటికతో కలిపి గుజ్జులోనే వేసే చౌక పద్ధతి ప్రకటించాడు. మిల్లులకు అది బాగా నచ్చింది. పేలికలు చాలక కట్టె గుజ్జూ వచ్చి చేరింది. అయితే పటికజాతి లవణం గాలిలోని తేమతో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కాగితపు పోగులను లోలోపలే తుంచుతుంది.

20వ శతాబ్దంలో అమెరికాలో విలియం బారో ఈ దోషాన్ని పరీక్షలతో నిరూపించి, సున్నపు నీటితో పులుపు విరిచే విధానం రూపొందించాడు. 1994లో శాశ్వత కాగితానికి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అందులో సుద్ద వంటి క్షార నిల్వ ఉండాలన్నది ఒక షరతు.

ఇది మనకెందుకంటారా? సర్వీసు రిజిస్టరులో ఉద్యోగంలో చేరిన తేదీ గల పుట పొడి అయితే, కుటుంబ పింఛను కోసం వచ్చిన ఇల్లాలు ఏమి చూపగలదు? నేను పనిచేసిన ఒక కార్యాలయంలో అటువంటి అర్జీ నెలల తరబడి కదలలేదు. కనుక సభ్యులు తమ పింఛను పత్రాలను తేమ తగలని చోట భద్రపరచండి. చిరుగులకు సెల్లో టేపు అంటించకండి. వార్తాపత్రిక ముక్కలను వాటి మధ్య ఉంచకండి, ఆ ఆమ్లం పక్క కాగితానికీ పాకుతుంది. జిరాక్సు ప్రతులు వేరొక చోట ఉంచి, ఆ చోటు ఇంట్లోవారికి చెప్పండి.