నేరము పుట్టుకలో ఉన్నదా? స్టూవర్టుపురము, కావలి సెటిల్‌మెంట్ల చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము మేము సేవ చేయుచున్న ఒక సంఘములో కానుకల పెట్టె పోయినది. ఆ సాయంకాలమే పెద్దలలో ఒకరు, "వాళ్ళు ఎక్కడి నుండి వచ్చారో తమరికి తెలుసు గదా అయ్యగారూ" అన్నారు. ఆయన చెప్పినది ఒకప్పటి సెటిల్‌మెంట్ నుండి వచ్చిన ఒక ఎరుకల కుటుంబమును గూర్చి. మేము ఆ మాటను ఖండించలేదు. నాలుగు రోజులకు పెట్టె వేరొకరి వద్ద దొరికినది. ఆ కుటుంబము మరల ఆరాధనకు రాలేదు. ఆనాటి మా మౌనమే ఈ వ్యాసమునకు కారణము.

మనిషి స్వభావమునకు, నేరమునకు సంబంధమున్నదా? ఉన్న యెడల అది వ్యక్తికి చెందినదా, కులమునకు చెందినదా? ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీదనే ఒక చరిత్ర ఉన్నది. అందులో సంఘమునకు పాత్ర కూడా ఉన్నది.

1. కులమంతటినీ నేరస్థులనిన చట్టము

1871లో బ్రిటిష్ ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసినది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లే దొంగ కొడుకు దొంగ అగునను తలంపు దానికి పునాది. 1876లో ఇటలీ వైద్యుడు చెజారె లొంబ్రోజో పుట్టు నేరస్థుని ముఖకవళికలను బట్టియే గుర్తించవచ్చునని వ్రాసెను. మద్రాసులో ఎడ్గార్ థర్‌స్టన్ కులముల వారీగా తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటములు ప్రచురించెను. 1911 చట్టముతో ఈ ఏర్పాటు మద్రాసు రాజధానికి కూడా వచ్చినది. పేరు నమోదు, వేలిముద్రలు, హాజరు, ఊరు దాటుటకు అనుమతి చీటీ – ఇవన్నియు నేరము చేసినవానికే గాక ఆ కులములో పుట్టినవానికి కూడా వర్తించినవి.

2. చట్టము చూడని సంగతి

ఎరుకలవారు తరతరములుగా ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్ట ప్రాంతములకు చేర్చి ధాన్యము తెచ్చుకొనెడివారు. బుట్టలు అల్లెడివారు, ఎరుక చెప్పెడివారు. ఉప్పు మీద ప్రభుత్వము పన్ను బిగించినది. రైలు వచ్చి ఎద్దుల రవాణాను మింగినది. 1876–78 కరువు వచ్చినది. 1882 అటవీ చట్టము మేతకును వెదురుకును అడ్డు నిలిచినది. ఉపాధి పోయిన తరువాత కొందరు దొంగతనమునకు దిగిన మాట నిజమే. కాని ఆ కొందరిని బట్టి అందరి రక్తమునకు పేరు పెట్టుట న్యాయము కాదు.

3. మిషనరీల సెటిల్‌మెంట్లు

రక్షణ సైన్యము (సాల్వేషన్ ఆర్మీ) నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్ నేరమును శిక్షించవలసినది గాక నయము చేయవలసిన వ్యాధిగా చూచెను. తన పద్ధతికి "క్రిమినోక్యూరాలజీ" అని పేరు పెట్టెను. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము రక్షణ సైన్యము నడిపిన సెటిల్‌మెంటే. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టిరి. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన శామ్యూల్ బాడెన్ మరొకటి నడిపెను.

అక్కడ బడి, వైద్యము, భూమి, పని దొరికినవి. కావున ఆ సేవకుల ప్రయాసను మేము తేలికగా చూడము. అయితే అదే సెటిల్‌మెంట్ చీరాల పొగాకు కర్మాగారమునకు కూలీలను కూడా సమకూర్చినది. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరు చేయుటకు చట్టము అధికారమిచ్చినది. పాదిరిగారే కాపలాదారు అయినచోట సువార్తకును హాజరు పట్టికకును తేడా చెప్పుట కష్టము. మనలను రక్షింప వచ్చిన ప్రేమ కూడా "వీరు పుట్టు దొంగలు" అను మాటను ప్రశ్నించక మునుపే అంగీకరించినది.

4. శాస్త్రము ఇప్పుడు చెప్పునది

1913లో చార్లెస్ గోరింగ్ ఇంగ్లాండులో సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, లొంబ్రోజో చెప్పిన నేరస్థ శరీర లక్షణములు లేవని చూపెను. అట్లని స్వభావమునకు నేరముతో సంబంధమే లేదనరాదు. న్యూజిలాండులోని డునెడిన్ పట్టణములో 1972–73లో పుట్టిన వెయ్యికి పైగా పిల్లలను పరిశోధకులు దశాబ్దముల పాటు వెంబడించిరి. బాల్యములో ఆశానిగ్రహము తక్కువైనవారు పెద్దవారై నేరములలో శిక్ష పడుటకు ఎక్కువ అవకాశమున్నదని 2011లో వెల్లడించిరి. కుటుంబ స్థితిని, తెలివితేటలను లెక్కలోనికి తీసుకొన్నను ఈ సంబంధము నిలిచినది. పెరుగుచు ఆ నిగ్రహము మెరుగుపడిన పిల్లలకు ఫలితములు మెరుగైనవి. కౌమారములో తప్పుదారి పట్టిన అనేకులు వయస్సు వచ్చిన తరువాత మానుకొందురని ఆ పరిశోధకులలో ఒకరైన టెర్రీ మొఫిట్ 1993లోనే వివరించిరి.

ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఈ భేదములు ఒకే ఊరిలో, ఒకే ఇంటిలోని అన్నదమ్ముల మధ్యను కనిపించును. కులమునకు కొలత కావు. రెండవది, అవి అవకాశమును సూచించును గాని తీర్పు కావు, మారగలవు. గలతీ పత్రిక ఆశానిగ్రహమును ఆత్మ ఫలములో లెక్కించినది, ఫలము పెరుగునది. తండ్రి దోషము కుమారుని మీద మోపరాదను యెహెజ్కేలు 18వ అధ్యాయపు బోధ స్టూవర్టుపురములో మనము మొదట చదువవలసిన పాఠము.

ముగింపు

మద్రాసు రాష్ట్రము 1947లో ఆ చట్టమును తొలగించినది. దేశమంతటా 1952లో రద్దయి ఆ జాతులు విముక్త జాతులైనవి. 1970లలో గుర్రం జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం స్టూవర్టుపురములో మార్పు కొరకు శ్రమించిరి. వారు నాస్తికులు, అయినను మనము చేయవలసినది వారు చేసిరి. అయితే పేరు మీద మచ్చ చట్టముతో పోలేదు. 1991లోను 2023లోను సినిమాలు ఆ ఊరి దొంగల కథనే చెప్పినవి.

మేము ఆలస్యముగా ఆ కుటుంబము ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగితిమి. ఇంటి పెద్ద కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి, "మీరు ఆ రోజు ఒక్క మాట అంటే చాలు గదా అయ్యగారూ" అనెను. సంఘములో ఈసారి ఏదైనా పోయిన దినమున ఆ ఒక్క మాట అనుట మన బాధ్యత.