పాత బాకీల సంగతి బ్యాంకుకు చెప్పాలా? హోమ్‌ లోన్‌కు వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

ఫ్లాట్‌ నచ్చింది. బేరం కుదిరింది. అడ్వాన్స్‌ ఇచ్చి అగ్రిమెంట్‌ కూడా రాసుకున్నారు. తీరా హోమ్‌ లోన్‌ ఫారం నింపుతుంటే ఒక ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. 'గతంలో ఏదైనా రుణం కట్టకుండా వదిలేశారా? సెటిల్‌మెంట్‌ చేసుకున్నారా?' కొవిడ్‌ రోజుల్లో జీతం ఆగిపోయి, క్రెడిట్‌ కార్డు బాకీని కొంత తగ్గించుకుని వదిలించుకున్న సంగతి గుర్తొచ్చింది. 'అవన్నీ ఎందుకండీ, లేదని రాసేయండి' అన్నాడు ఏజెంట్‌.

అలా రాయకండి. ఎందుకో చూద్దాం.

బ్యాంకుకు ముందే ఏం తెలుస్తుంది?

దేశంలో ట్రాన్స్‌యూనియన్‌ సిబిల్‌, ఎక్స్‌పీరియన్‌, ఈక్విఫ్యాక్స్‌, క్రిఫ్‌ హై మార్క్‌ అనే నాలుగు క్రెడిట్‌ సమాచార సంస్థలు ఉన్నాయి. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు మీ చెల్లింపుల వివరాలను వీటికి పంపిస్తాయి. దరఖాస్తు అందగానే బ్యాంకు మీ పాన్‌ ఆధారంగా ఈ రిపోర్టు తెప్పించుకుంటుంది. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. అయితే అధికారులు చూసేది స్కోరు ఒక్కటే కాదు. ఏ ఈఎంఐ ఎన్ని రోజులు ఆలస్యమైందో నెలలవారీగా అందులో కనిపిస్తుంది. మీరు హామీ సంతకం పెట్టిన బంధువుల లోన్‌ కూడా ఉంటుంది.

'క్లోజ్డ్‌' వేరు, 'సెటిల్డ్‌' వేరు

బాకీ మొత్తం కడితే 'క్లోజ్డ్‌' అని ఉంటుంది. బ్యాంకు కొంత వదులుకుని ఖాతా ముగిస్తే 'సెటిల్డ్‌' అని పడుతుంది. 'రిటెన్‌ ఆఫ్‌' అంటే మాఫీ అని చాలామంది అనుకుంటారు. అది బ్యాంకు తన లెక్కల్లో చేసుకునే సర్దుబాటు మాత్రమే, మీ బాకీ అలాగే ఉంటుంది. వరుసగా 90 రోజులకు మించి కట్టకపోతే ఆ ఖాతా మొండి బాకీ అవుతుంది.

అడ్వాన్స్‌ ఇచ్చే ముందే చేయాల్సినవి

- ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు.
- తప్పులుంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్‌ 26 నుంచి అమల్లో ఉంది.
- 'సెటిల్డ్‌' ఖాతా ఉంటే ఆ బ్యాంకును సంప్రదించండి. మిగిలిన మొత్తం కట్టించుకుని 'క్లోజ్డ్‌'గా మార్చేందుకు ఒప్పుకుంటే, ఆ మాట ముందు రాతపూర్వకంగా తీసుకుని తర్వాతే డబ్బు కట్టండి. నో డ్యూస్‌ సర్టిఫికెట్‌ మర్చిపోవద్దు.
- డబ్బిస్తే నిజమైన ఎంట్రీలను కూడా తీసేయిస్తామనే వారిని నమ్మకండి.

ఎలా చెప్పాలి?

కథలు వద్దు. ఒక పేజీ లేఖ చాలు. ఏ బాకీ, ఎప్పుడు, ఎందుకు ఆగింది, ఎలా తీర్చారు, ఇప్పుడు పరిస్థితి ఏమిటి అనే అయిదు విషయాలు రాయండి. ఉద్యోగం పోయిన లేఖ, ఆస్పత్రి బిల్లులు, తర్వాత సక్రమంగా కట్టిన ఈఎంఐల స్టేట్‌మెంట్లు జతచేయండి. చేబదుళ్లు, తెలిసినవారి దగ్గర వడ్డీకి తెచ్చినవి రిపోర్టులో కనిపించవు. కానీ ఫారంలో అప్పులన్నీ అడిగితే వాటినీ రాయాలి. నెలనెలా వెళ్లే వడ్డీ మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎలాగూ బయటపడుతుంది.

చెప్పినంత మాత్రాన లోన్‌ వస్తుందన్న హామీ లేదు. వడ్డీ కాస్త ఎక్కువ పడొచ్చు, తక్కువ మొత్తం ఇవ్వొచ్చు, సహ దరఖాస్తుదారును అడగొచ్చు. ఈ మాట ముందే తెలిస్తే బేరం ఎంతలో ఉండాలో మీరు నిర్ణయించుకోగలరు.

దాస్తే ఏమవుతుంది?

ఫారం చివర 'పైన ఇచ్చిన వివరాలన్నీ నిజం' అని సంతకం చేసేది మీరే, ఏజెంట్‌ కాదు. అబద్ధమని తేలితే దరఖాస్తు తిరస్కరిస్తారు. మంజూరైన లోన్‌నూ విడుదలకు ముందు ఆపేయొచ్చు. అప్పటికి అగ్రిమెంట్‌ గడువు దాటితే మీ అడ్వాన్స్‌కే ఎసరు. లోన్‌ ఇచ్చాక బయటపడితే మొత్తం ఒకేసారి కట్టమనే అవకాశాన్ని ఒప్పంద పత్రాలు బ్యాంకుకు ఇస్తాయి. నకిలీ పత్రాలు పెడితే క్రిమినల్‌ కేసు దాకా వెళ్తుంది.

తిరస్కరిస్తే?

కారణం రాతపూర్వకంగా అడగండి. అదే వారంలో మరో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకండి. ప్రతి విచారణా రిపోర్టులో నమోదై అనుమానం పెంచుతుంది. రిపోర్టులోని తప్పు సరిచేయమని కోరినా బ్యాంకు గానీ, క్రెడిట్‌ సంస్థ గానీ పట్టించుకోకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ముందు రిపోర్టు, తర్వాత బ్యాంకుతో మాట, ఆ తర్వాతే అడ్వాన్స్‌. ఈ వరుస తప్పకపోతే పాత బాకీ కొత్త ఇంటికి అడ్డమైనా, చేతిలోని డబ్బు మాత్రం పోదు.