దివిసీమ ఉప్పెన తరువాత: తీరాంధ్రలో రక్షణ వ్యవస్థల పునర్నిర్మాణం

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచెత్తిన ఉప్పెన అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మందిని బలిగొన్నది. తుఫాను హెచ్చరికలు వెలువడకపోలేదు. అయితే అవి చాలా పల్లెలకు సకాలంలో చేరలేదు. చేరినచోటనైనా పూరిగుడిసెల్లోని జనం తలదాచుకోవడానికి గట్టి కట్టడాలు అరుదు. కనుక ఆనాటి ప్రాణనష్టాన్ని కేవలం ప్రకృతి వైపరీత్యంగా కాక, రక్షణ వ్యవస్థల లేమిగా కూడా పరిగణించవలసి ఉంటుంది.

ఆ తరువాతి పునర్నిర్మాణం ప్రధానంగా రెండు దిశల్లో సాగింది. మొదటిది ఆశ్రయం. ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ తీరగ్రామాల్లో కాంక్రీటు తుఫాను షెల్టర్లను నిర్మించాయి. ఉప్పెన నీరు అడుగునుంచి సాగిపోయేలా స్తంభాలపై ఎత్తుగా కట్టడం వీటిలో తరచుగా కనిపించే పద్ధతి. రెండవది సమాచారం. 1983లో ప్రయోగించిన ఇన్సాట్-1బి తరువాత, ఉపగ్రహం ద్వారా తీరప్రాంత కార్యాలయాలకు నేరుగా హెచ్చరికలు పంపే ఏర్పాటు రూపొందింది.

ఈ వ్యవస్థలకు 1990 మే నెలలో పెద్ద పరీక్ష ఎదురైంది. కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటిన తీవ్ర తుఫానుకు ముందు లక్షలాది ప్రజలను తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉన్నది. రెండు తుఫానుల ఉప్పెన తీవ్రత ఒకటి కానందున ఈ తగ్గుదలను పూర్తిగా షెల్టర్లకే ఆపాదించలేము. అయినా ముందస్తు తరలింపు పాత్ర కాదనలేనిది.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను ఈ వ్యవస్థ పరిమితిని చూపింది. అప్పటికే సముద్రంలో ఉన్న మత్స్యకారులకు ఒడ్డున ఉన్న షెల్టరు అక్కరకు రాలేదు. గ్రామాన్ని కేంద్రంగా చేసుకున్న రక్షణ, జీవనోపాధికై గ్రామం దాటి వెళ్లినవారిని చేరుకోలేకపోయింది.

నిర్వహణ మరొక సమస్య. ఏడాదికి కొద్దిరోజులు తప్ప తలుపు తెరవని భవనం ఉప్పుగాలికి త్వరగా శిథిలమవుతుంది. లోపలి ఇనుము తుప్పుపట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. బడిగానో సమావేశ మందిరంగానో నిత్యం ఉపయోగపడే షెల్టరును ఊరే కాపాడుకుంటుంది. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో మొదలైన జాతీయ తుఫాను ముప్పు నివారణ ప్రాజెక్టు బహుళ ప్రయోజన షెల్టర్లతో పాటు వాటికి చేర్చే రహదారులకూ వంతెనలకూ చోటివ్వడం ఈ దృష్ట్యా గమనార్హం.

దివిసీమ అనంతర చరిత్రను కట్టిన భవనాల సంఖ్యతో మాత్రమే అంచనా వేయడం చాలదు. హెచ్చరిక, దారి, ఆశ్రయం, నిర్వహణ ఒక గొలుసు. అందులో ఏ ఒక్క కొలికి తెగినా మిగిలినవి నిష్ప్రయోజనమే.