నోటి వ్యాధులు, దేహ వ్యాధులు: సంబంధాల చరిత్ర

పిప్పి పళ్లు, చిగుళ్ల జబ్బులు, పంటి వేళ్ల దగ్గర చేరే చీము శరీరంలోని ఇతర రోగాలకు దారితీస్తాయన్న ఆలోచన వైద్యంలో చాలా పాతది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అది హద్దు దాటిన నమ్మకంగా మారి, ఎందరో రోగుల నోట మంచి పళ్లను కూడా ఊడబెరికించింది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు వైద్యులు దాన్ని పట్టించుకోలేదు. 1989 నుంచి లెక్కలతో, పరీక్షలతో తిరిగి చర్చకు వచ్చింది. ఈ చరిత్రలో పదేపదే తలెత్తిన ప్రశ్న ఒక్కటే: రెండు జబ్బులు ఒకే మనిషిలో కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమవుతుందా?

ప్రాచీన కాలం

క్రీ.పూ. 7వ శతాబ్దంలో అస్సీరియా ఆస్థాన వైద్యుడొకరు రాసిన లేఖలో, రోగి తలకూ చేతులకూ కాళ్లకూ కలిగిన బాధకు పళ్లే కారణమనీ వాటిని తీసివేయాలనీ ఉంది. భారతదేశంలో సుశ్రుత సంహిత నిదానస్థానం పెదవులు, చిగుళ్లు, పళ్లు, నాలుక, అంగిలి, గొంతు వంటి ఏడు స్థానాల్లో 65 ముఖరోగాలను వర్గీకరించింది. చిగుళ్లు నెత్తురు కారడం, పళ్లు కదలడం వంటి లక్షణాలను అందులో వేర్వేరు వ్యాధులుగా గుర్తించారు. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్, చెడిన పన్ను తీయించాక కీళ్లవాతం తగ్గిన రోగుల గురించి రాశాడు. ఇవన్నీ విడివిడి అనుభవాలే. పంటికీ కీలుకూ మధ్య దారి ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

సూక్ష్మజీవుల ఆవిష్కరణ

1683లో డెల్ఫ్ట్ నగరవాసి లేవెన్‌హుక్ తన పళ్ల మీది పాచిని సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కదలాడే జీవులను లండన్ రాయల్ సొసైటీకి రాసిన లేఖలో వర్ణించాడు. వాటికీ రోగాలకూ ముడిపెట్టడానికి రెండు శతాబ్దాలు పట్టింది. బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్, నోటిలోని బాక్టీరియా చక్కెరలను ఆమ్లంగా మార్చి పంటిని కరిగిస్తుందని చూపాడు. 1890లో నోటి సూక్ష్మజీవులపై గ్రంథం వెలువరించి, మరుసటి ఏడు మరో అడుగు ముందుకు వేశాడు. నోరే సంక్రమణకు కేంద్రమై ఇతర అవయవాలకు జబ్బు పాకించగలదని ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు.

పళ్లు పీకించిన సిద్ధాంతం

లండన్ వైద్యుడు విలియం హంటర్ 1900లోనే నోటి చీమును అనేక వ్యాధులకు మూలంగా పేర్కొన్నాడు. 1910లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, చెడిన పళ్ల మీద బంగారు తొడుగులు, బ్రిడ్జిలు కట్టి కింద చీమును మగ్గనిచ్చే దంతవైద్యాన్ని తీవ్రంగా ఖండించాడు. షికాగో వైద్యుడు ఫ్రాంక్ బిల్లింగ్స్ 1912 నుంచి ఈ భావనకు సిద్ధాంత రూపమిచ్చాడు. టాన్సిల్స్‌లోనో పంటి వేరు దగ్గరో దాగిన చిన్న సంక్రమణ నెత్తురు ద్వారా కీళ్లకు, గుండెకు, మూత్రపిండాలకు చేరుతుందన్నది దాని సారాంశం. అప్పటికే వాడుకలోకి వచ్చిన ఎక్స్‌రేలు పంటి వేళ్ల కింది నీడలను బయటపెట్టడంతో నమ్మకం ఊపందుకుంది. కారణం తేలని జబ్బు ఏదైనా నేరం పళ్ల మీదకే వచ్చింది.

ఈ ధోరణి అత్యంత విషాదకరంగా పరిణమించింది న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో. 1907 నుంచి 1930 దాకా దాని అధిపతిగా ఉన్న హెన్రీ కాటన్, పిచ్చికి మూలం దాగిన సంక్రమణేనని నమ్మి రోగుల పళ్లు, టాన్సిల్స్, చివరికి పెద్దపేగు భాగాలు తీయించాడు. పేగు శస్త్రచికిత్సల్లో సుమారు 30 శాతం మంది మరణించినట్లు ఆయన లెక్కలే చెప్పాయి. 1924లో విచారణ మొదలుపెట్టిన మనోవైద్యురాలు ఫిలిస్ గ్రీనేకర్, ఈ చికిత్సతో మేలు జరగలేదని తేల్చారు. ఆ నివేదికను వెలుగు చూడనివ్వలేదు. ఎదురుచెప్పే గొంతు లేని రోగుల మీద ఈ చికిత్స ఆ తర్వాత కూడా సాగడం వైద్యచరిత్రకు మాయని మచ్చ.

సిద్ధాంత పతనం

1938లో రసెల్ సెసిల్, ఆంజివైన్ 200 మంది రుమటాయిడ్ కీళ్లవాత రోగులను పరిశీలించి, పళ్లూ టాన్సిల్స్ తీయించినా ప్రయోజనం లేదని ప్రకటించారు. సెసిల్ ఒకప్పుడు ఈ సిద్ధాంతాన్ని సమర్థించినవాడే కావడంతో ఆ మాటకు బరువు వచ్చింది. 1940లో రైమన్, హేవెన్స్ రాసిన విమర్శ దీన్ని మరింత దెబ్బతీసింది. పెన్సిలిన్ రాకతో పళ్లు పీకించే చికిత్స మరుగున పడింది. దానితో పాటే నోటికీ దేహానికీ సంబంధముందన్న మాట కూడా చాలామంది వైద్యుల దృష్టి నుంచి జారిపోయింది.

నిలిచిన సంబంధం: గుండె కవాటాలు

ఒక్క విషయంలో మాత్రం సాక్ష్యం చెక్కుచెదరలేదు. 1935లో ఓకెల్, ఎలియట్ అనే బ్రిటిష్ పరిశోధకులు, పన్ను పీకిన కాసేపటికే రోగుల నెత్తురులో నోటి బాక్టీరియా కనిపిస్తోందని చూపారు. దెబ్బతిన్న గుండె కవాటాల మీద అది స్థిరపడితే ఎండోకార్డైటిస్ (గుండె లోపొర సంక్రమణ) వస్తుంది. అందుకే 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, ఇలాంటి రోగులకు పంటి చికిత్సకు ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలని సూచించింది. అయితే పళ్లు తోముకున్నప్పుడు, అన్నం నమిలినప్పుడు కూడా బాక్టీరియా నెత్తురులోకి చేరుతుందని తర్వాత స్పష్టమైంది. దీంతో 2007లో ఆ సూచనను కృత్రిమ కవాటాలున్నవారు, గతంలో ఎండోకార్డైటిస్ వచ్చినవారు వంటి అధిక ముప్పున్న వారికే పరిమితం చేసి, రోజువారీ నోటి శుభ్రతకు ప్రాధాన్యమిచ్చారు.

ఆధునిక పరిశోధన

1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లోయ బృందం, 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించింది. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టగానే కుదుటపడ్డాయి. పాచే చిగుళ్ల వాపుకు మూలమని దీంతో రుజువైంది.

1989లో ఫిన్‌లాండ్‌లో మట్టిల బృందం, గుండెపోటు వచ్చిన 100 మందిని ఇతరులతో పోల్చి, వారి నోటి ఆరోగ్యం అధ్వానంగా ఉందని వెల్లడించింది. తర్వాతి అధ్యయనాలెన్నో ఈ జోడును చూపాయి. కానీ పొగతాగడం చిగుళ్లనూ గుండెనూ రెండింటినీ పాడుచేస్తుంది. పేదరికం కూడా అంతే. వీటిని లెక్కలోకి తీసుకున్నా కొంత సంబంధం మిగులుతోందనీ, చిగుళ్ల చికిత్స గుండెపోటును ఆపుతుందని మాత్రం రుజువు కాలేదనీ 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తేల్చింది.

గర్భిణుల విషయంలోనూ ఇదే జరిగింది. చిగుళ్ల జబ్బుకూ నెలలు నిండని కాన్పుకూ ముడి ఉందని 1996లో ఆఫెన్‌బాకర్ బృందం ప్రకటించింది. 2006లో 823 మంది గర్భిణులపై జరిగిన పరీక్షలో చిగుళ్ల చికిత్స అలాంటి కాన్పులను తగ్గించలేదు. అయితే చికిత్స వల్ల తల్లికీ బిడ్డకూ ముప్పు లేదని తేలడం దాని విలువైన ఫలితం.

మధుమేహం విషయంలో సాక్ష్యం రెండు దిక్కులా బలంగా ఉంది. అరిజోనాలోని పీమా తెగపై సాగిన అధ్యయనాల ఆధారంగా, చిగుళ్ల జబ్బును మధుమేహపు ఆరో ఉపద్రవంగా 1993లో లోయ పేర్కొన్నాడు. షుగరు అదుపు తప్పితే చిగుళ్ల కింది ఎముక త్వరగా కరుగుతుంది. చిగుళ్ల వాపు శరీరంలో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు, నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (నెత్తురులో చక్కెర స్థాయిని తెలిపే కొలత) సగటున 0.4 శాతం పాయింట్ల మేర తగ్గుతోందని కోక్రేన్ సమీక్షలు చూపాయి. వృద్ధాశ్రమాల్లో నోరు శుభ్రం చేయిస్తే న్యుమోనియా తగ్గుతుందని 1999లో జపాన్ పరిశోధకులు కనుగొన్నారు.

తెలుగు ప్రాంతం: ఫ్లోరోసిస్

పంటి మీది గుర్తు దేహమంతటి జబ్బుకు ఆనవాలు కావడానికి తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో పళ్ల మరకలు, బిగుసుకున్న వెన్నెముక, వంకరపోయిన కాళ్లను నీటిలోని ఫ్లోరైడ్‌తో ముడిపెట్టింది. నల్లగొండ జిల్లా తరతరాలుగా ఈ బాధ పడింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. ఇక్కడ పన్ను ఎముకను చెడగొట్టదు. రెండింటినీ చెడగొట్టేది నీరే. పళ్లు ఏర్పడే బాల్యంలోనే ఫ్లోరైడ్ ప్రభావం చూపుతుంది కాబట్టి, పిల్లల పళ్ల మీది మరకలు ఊరి నీటి గురించి ముందుగా హెచ్చరిస్తాయి.

ప్రస్తుత స్థితి

2021లో ప్రపంచ ఆరోగ్య సభ నోటి ఆరోగ్యాన్ని అసాంక్రమిక వ్యాధుల నియంత్రణలో భాగం చేయాలని తీర్మానించింది. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా వేసింది. నేటి వైద్యం పన్ను పీకించి కీళ్లవాతం నయం చేస్తానని మాట ఇవ్వదు. షుగరు రోగుల చిగుళ్లు పరీక్షించాలనీ, కవాట వ్యాధి ఉన్నవారు ఆ సంగతి దంతవైద్యునికి ముందే చెప్పాలనీ, మంచం పట్టినవారి నోరు రోజూ శుభ్రం చేయాలనీ సూచిస్తుంది. ఈ మూడు సూచనల వెనుకా నమ్మదగిన ఆధారాలున్నాయి.