బానకు తొండము: కెలమంగలపు నీటిపనిలో తోలు, రబ్బరు

కెలమంగలము పేరు ఆంగ్లేయుల యుద్ధచరిత్రలలో ఒకచోట స్పష్టముగ కనిపించును. 1799 మార్చి నెలలో జనరల్ హారిస్ సేన టిప్పు సుల్తానుపై దండెత్తి, వేలూరునుండి శ్రీరంగపట్టణమునకు పోవుచు ఇచ్చట విడిసినది. తరువాతి కాలమున వెల్లింగ్టన్ ప్రభువైన ఆర్థర్ వెల్లెస్లీ ఆ దండులో ఒక సేనాని. ఈ యూరిని గురించి వ్రాయువారు సామాన్యముగ ఆ ఫిరంగులతో ఆరంభింతురు. మేము ఆ కాలపు దండులలోని యెద్దులను మాత్రమే చూడగోరుచున్నాము. వానిలోను, వీపున ఇరువైపుల తోలు తిత్తులు వ్రేలాడు నీటి యెద్దులను. మద్రాసు సేనలలో ఆ తిత్తులతో నీరు మోయువానికి పఖాలి యని పేరు. వేలకొలది మనుష్యులు కదలు దారిలో సిపాయికి నీరు మోసినది ఇనుము కాదు, రాగి కాదు, తోలు.

దండు సాగిపోయినది. బారామహలు 1792లోనే కుంపిణీ వశమై యుండెను. 1799లో హోసూరు సీమయు చేరెను. ఆ పిమ్మట సేలము జిల్లా, 1965 నుండి ధర్మపురి జిల్లా, 2004 నుండి కృష్ణగిరి జిల్లా. ఏలుబడి ఎన్నిమార్లు మారినను ఊరిబావి దగ్గర పని మాత్రము చాలకాలము మారలేదు. ఆ పనికి మన పెద్దలు చెప్పిన పేరు కపిల. తమిళులు కవలై యందురు, కన్నడిగులు కపిలె యందురు. తెలంగాణము వారికి అది మోట. మూడు భాషలు కలిసిన మొరసునాటిలో ఒకే బావికి మూడు పేర్లుండుట వింత కాదు.

కపిలను చూడని పిల్లలు ఇప్పుడు పెద్దవారైనారు గనుక దానిని కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. బావిగట్టున రెండు కంబములు, వానిమధ్య గిలక. గిలకమీదుగా మోకు. మోకు ఒక కొన ఎడ్ల కాడికి, రెండవ కొన బానకు. బాన యనగా 30 మొదలు 40 గాలనుల నీరు పట్టు పెద్ద తోలుసంచి. కాలక్రమమున దానిని ఇనుపరేకుతోను చేసిరి. కాని బాన అడుగున గల తొండము మాత్రము, బాన ఇనుపదైనను, తోలుదే. ఏనుగు తొండమువలె పొడవైన, రెండువైపుల తెరచియున్న గొట్టమది. దాని మూతికి ఒక సన్నని త్రాడు కట్టుదురు. ఆ త్రాడు గట్టుకు దిగువగా నున్న మరియొక రోలరుమీదుగా పోయి మోకుతోపాటు కాడికే చేరును. బాన పైకి వచ్చునంతసేపు ఆ సన్నత్రాడు తొండమును మడిచి, దాని మూతిని బాన అంచుతో సమముగ పైకెత్తి పట్టును. కావున నీరు కారదు. బాన గట్టుకు చేరగానే పెద్ద గిలక బానను ఇంకను పైకి లాగును, తొండము మాత్రము రోలరుమీద వాలి తొట్టిలోనికి చాగును. నీరంతయు తనంతట తానే కుమ్మరించుకొనును. బావిగట్టున వంచి పోయుటకు వేరొక మనిషి అక్కరలేదు. ఎడ్లు వాలుబాటలో దిగుచు తమ బరువుతో లాగును, వెనుకకు నడచి మరల గట్టునకు వచ్చును.

ఇంజనీర్లు ఈ యంత్రమును చూచి మెచ్చుకొనినది ఆ తొండమును చూచియే. కవాటము లేని కవాటమది. మెత్తగా వంగవలెను, నీటిని ఆపవలెను, దినమునకు వందలమార్లు మడతపడి విప్పుకొనవలెను. కంబములు తరతరములు నిలుచును, గిలక తండ్రినుండి కొడుకునకు వచ్చును; తొలుత పోవునది తొండము. యంత్రమేదైనను దాని ఆయువు అందులోని మెత్తని భాగమును బట్టియే యుండును.

తోలు ఎట్లు చెడునో గమనింపుడు. మన ప్రాంతపు ఊనుడు పనికి ముఖ్యమైనది తంగేడు చెక్క, తోడు కరక్కాయ. మెట్టపొదలలో పచ్చని పూలతో నిండియుండు ఆ తంగేడు చెక్కతో ఊనిన దక్షిణదేశపు తోళ్లు 19వ శతాబ్దమున ఓడలకెక్కి ఇంగ్లండు చేరెను. అయితే చెక్కలోని ఊనుడు సారము ఎల్లప్పుడు నీటిలో నానుచుండిన తోలునుండి మెల్లమెల్లగ దిగిపోవును. సారము పోయిన తోలు పచ్చితోలువలె కుళ్లును. నానిన తోలు ఎండలో ఎండినచో మరియొక ఆపద: నూనె పోయి, బిరుసెక్కి, మడతల దగ్గర పగులును. ఇనుపచీల తగిలినచోట నల్లనై బలహీనపడును. కాబట్టి తొండమును నీడలో ఆరనిచ్చి, నూనె పట్టించి, చిరిగినచోట కుట్టి, చీలకడ అతుకువేసి, ఏటేట బ్రతికించుకొనవలసినదే.

బ్రతికించినవారెవరు? మాదిగలు. తమిళదేశమున అరుంధతీయులని పిలువబడు ఈ ప్రజలలో ననేకుల యింటిభాష తెలుగు. కాపువాడు కళ్లమున మేర కొలిచి యిచ్చెడివాడు. ప్రతిగా వారు చెప్పులు, వార్లు, బాన, తొండము సమకూర్చెడివారు. మేర కొలుచుటలో న్యాయము సమపాళ్లలో నుండెనని మేము చెప్పజాలము. నీరు వారి చేతికుట్టుమీదుగా పారి చేను తడిపెడిది. ఆ బావినీరు వారు ముట్టరాదనిన యూళ్లు లెక్కకు మిక్కిలి. తెలుగువారి వలసచరిత్రలు పాళెగాండ్రతోను, కవులతోను, శెట్లతోను నిండియున్నవి. బావిగట్టు కుట్టుపని ఆ పుటలలో కానరాదు.

ప్రభుత్వము కూడ ఒకప్పుడు ఈ తొండమును తలచుకొనినది. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడై వచ్చి, పిదప పరిశ్రమల వ్యవహారములు చేపట్టిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో క్రోము ఊనుడును మద్రాసులో ప్రయోగించి చూచెను. క్రోము లవణములతో ఊనిన తోలులోని సారము నీటికి దిగిపోదు. ఆ తోలుకు ఆయన ఎంచిన మొదటి ఉపయోగములలో కపిలబాన ఒకటి. పాఠశాలలో అల్యూమినియపు పాత్రలు చేయించినవాడును, బావులకు నూనెయింజనులు పెట్టించినవాడును ఆయనయే. 1910లో లండనునుండి మోర్లే ప్రభువు, సర్కారు వ్యాపారము చేయరాదని శాసించెను. ఆ ప్రయత్నము సర్కారు చేతినుండి జారినది. చాటర్టన్ పిమ్మట మైసూరు సంస్థానమునకు పోయెను.

స్వాతంత్ర్యానంతరము 1948లో మద్రాసున కేంద్ర చర్మ పరిశోధనాలయము వెలసినది. 1958లో దానికి అధిపతియైన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతపు తెలుగు రైతుబిడ్డ. తోలుపనిని నీచమని తలచు దేశమున దానిని విజ్ఞానశాస్త్రముగ నిలబెట్టిన ఆ మహనీయుడు 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదమున అస్తమించెను. చెన్నైలోని మన కుటుంబములలో ఆయన పేరెరుగనివారు లేరు. ఊరి తొండమునకును ఆయన ప్రయోగశాలకును గల చుట్టరికమును తలచినవారు తక్కువ.

ఇక రబ్బరు. 1823లో మాకింతోష్ రబ్బరు పూసిన గుడ్డకు పేటెంటు పొందెను. అది ఎండకు అంటుకొనుచు, చలికి బిగుసుకొనుచు నుండెను. 1839లో గుడ్‌ఇయర్ గంధకముతో కాచి ఆ దోషమును తొలగించెను. 1876లో విక్‌హామ్ బ్రెజిలునుండి సుమారు 70,000 విత్తులను లండనుకు చేర్చెను. వాని సంతతియే సింహళమున, మలయాలో తోటలైనది. కరెంటు పంపులు వచ్చినపిదప కపిలలు ఒక్కొక్కటిగ నిలిచిపోయినవి. కాని నీటిని ఆపు మెత్తని భాగము మాత్రము తప్పలేదు. యూనిసెఫ్ సాయముతో 1970 దశకమున రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపులో మొదట తోలు వాషర్లే వేసిరి. 1980 దశకమున కోయంబత్తూరు ప్రాంతమున పరీక్షించి చూడగా, నైట్రైల్ అను కృత్రిమ రబ్బరు వాషర్లు తోలుకంటె మిక్కిలి ఎక్కువకాలము పనిచేసినవి. తొండపు తోలు చేసిన పనిని ఆ చిన్న గిన్నెవంటి వాషరు చేయుచున్నది.

రబ్బరు చిరకాలముండునని మనము అనుకొందుము. అది నిజము కాదు. ఈ సంగతి బాగుగ ఎరిగినవారు పాత ఈతసామగ్రిని కూర్చువారు. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అను నిరువురు ఆక్వాలంగ్‌ను రూపొందించిరి. మనిషి వీపున గాలిసీసాలు మోసికొని నీటి అడుగున ఊపిరి పీల్చు సాధనమది. దాని ఇత్తడి డబ్బాలో పలుచని రబ్బరు పొర యొకటి. ముడుతల గొట్టములు రెండు. నోట కరచిపట్టు రబ్బరు ముక్క. విడిచిన గాలిని పోనిచ్చి నీటిని రానీయని బాతుముక్కు వంటి కవాటము. ఇప్పుడు ఆ పాత డబ్బాలను తెరచినవారికి ఇత్తడి మెరయుచునే యుండును, రబ్బరు మాత్రము బిరుసెక్కి పగిలియో, జిగటయై కారియో యుండును. మన కపిల కథయే సముద్రముక్రింద మరల జరిగినది.

ఇచ్చట ఒక భేదమును గట్టిగ చెప్పవలెను, ఏలయన మన యిండ్లలో పొరపాటు సులభము. తోలు నూనెతో బ్రతుకును; సహజ రబ్బరు నూనెతో చచ్చును. కిరోసిను, యంత్రపు నూనెలు తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును. వంటనూనెలును మంచివి కావు. ఆముదము ఒక్కటి కొంత మినహాయింపు. తొలినాటి మోటారు బండ్ల బ్రేకులలో ఆముదమును ఆల్కహాలుతో కలిపి పోయుటకు కారణము, అది సహజ రబ్బరును అంతగ ఉబ్బింపకుండుటయే. రబ్బరునకు మిక్కిలి శత్రువులు ఎండ, వేడి, గాలిలోని ప్రాణవాయువు, విద్యుత్ మోటార్ల దగ్గర పుట్టు ఓజోను. రాగి తగిలినను త్వరగ చెడును. ఇత్తడిలో రాగి యున్నది గదా. కాబట్టి దాచుకొనువారు రబ్బరు భాగములను లోహమునుండి విడదీసి, మడతలు లేకుండ చాచి, టాల్కు పొడి చల్లి, చీకటిగల చల్లని తావున నుంతురు. ప్రదర్శనశాలలవారు ప్రాణవాయువును పీల్చు పొట్లముతో సంచిలో మూయుదురు. బిరుసెక్కిన రబ్బరును మరల మెత్తబరచు మందు లేదు. ఊపిరికి ఆధారమైన పాత ముక్కను నమ్మి నీటిలో దిగుట ప్రాణముతో చెలగాటము. దానిని అచ్చుగ పెట్టుకొని సిలికోనుతో క్రొత్తది పోయించుట తెలివిగలవారి పని. పాతది కొలతకు, క్రొత్తది పనికి.

మన యూళ్లలో ఇంకను మిగిలినవి గిలకలు, ఇనుపబానలు, కంబములు. కొన్ని యిండ్ల ముంగిట బానలో పూలమొక్కలు పెట్టిరి. అదియు ఒక పునరుపయోగమే, మేము నిందింపము. తొండము మాత్రము చూడ దొరకుట అరుదు. కెలమంగలము, డెంకణికోట, రాయకోట పరిసరములలో ఎవరి యటకమీదనైన ఒక తొండము చుట్టబడి యున్నయెడల, దానిని సాగదీసి విప్పరాదు. ఎండిన మడత విరుగును. ఎండకు పెట్టరాదు, కడుగరాదు, పోగొట్టుకొనిన మెత్తదనమును తెచ్చెదమని నూనె దట్టముగ పట్టింపరాదు. ఉన్నది ఉన్నట్లు నూలుగుడ్డలో చుట్టి, ఇనుపచీలలకును తోలుకును నడుమ కాగితముంచి, ఎలుకలకు అందని పొడితావున పెట్టవలెను. పొడవు, మూతి వెడల్పు, కుట్ల సంఖ్య కొలిచి కాగితముపై గీసికొనవలెను. గీత యున్నచో క్రొత్తతోలుతో మరియొకటి చేయవచ్చును.

ఆ కొలతల ప్రక్కన మాటలు కూడ వ్రాయుట అవసరము. కుట్టుకు వాడిన వారు, ఆరె, నూనె దట్టించు విధము, చీల వేయు తీరు, ఒక్కొక్కదానికి కుట్టినవారు పలికిన పేరు. ఆ పేర్లు కాపుల యిండ్లలో దొరకవు, కుట్టినవారి యిండ్లలో దొరకును. అడుగవలసినది అక్కడ, తెలుగులోనే. చెప్పినవారి పేరు, ఊరు, తారీఖు ఆ కాగితముపై మొదటి పంక్తిగ నుండవలెను.